సంచి తీసేశాక మిగిలింది

మా ఆసుపత్రిలో కొత్తగా చేరిన పిల్ల డాక్టర్లు అప్పుడప్పుడు నన్ను పిలిచి, "మేడం, మీ అనుభవాలు చెప్పండి" అంటారు. వాళ్లు వినాలనుకునేది గొప్ప ఆపరేషన్ల గురించి. బాగా జరిగిన ఆపరేషన్ల నుంచి నేను నేర్చుకున్నది చాలా తక్కువ. కుట్లు విప్పి ఇంటికి పంపించిన మనిషి మూడో నెలలో మళ్లీ వచ్చి గది బయట బెంచీ మీద కూర్చుంటుంది చూడండి, అసలు చదువు అక్కడ మొదలవుతుంది. ఆ బెంచీ మీద నాలుగేళ్లు కూర్చున్న ఒక మనిషి గురించి ఇక్కడ రాస్తున్నాను. ఇందులో నా తప్పులు చాలా ఉన్నాయి. మీరు నవ్వుకున్నా పరవాలేదు గానీ అవే తప్పులు చేయకండి.

నేను సర్జన్ని. మదనపల్లెలో పాతికేళ్లు పనిచేశాను. బుధవారం పుంగనూరు క్లినిక్, నెలకు రెండు శనివారాలు కుప్పం, మిగతా రోజులు మదనపల్లె. ప్రమోషన్ల సంగతి అడక్కండి. చేరినప్పుడు ఏ గదిలో కూర్చున్నానో రిటైరయిన రోజు కూడా అదే గదిలోంచి లేచాను. మధ్యలో ఫ్యాను మాత్రం రెండుసార్లు మారింది.

పెద్ద డాక్టరు గారి మందు

నేను చేరిన కొత్తలో ఆడ సర్జన్ అంటే మా వైపు ఎవరికీ అర్థమయ్యేది కాదు. కాన్పులు చేసే డాక్టరమ్మ అనుకుని వచ్చేవాళ్లు. హెర్నియా ఉన్న మగవాళ్లు నన్ను చూసి పంచె బిగించుకుని లేచిపోయేవాళ్లు. నా చేతికి పని ఇచ్చింది మా పెద్ద డాక్టరు గారు. ఆసుపత్రి ఆయన కట్టిందే. చెయ్యి మంచిది, నోరు ఇంకా మంచిది.

ఒకసారి పెద్దమండ్యం నుంచి ఒక రైతు కడుపునొప్పితో వచ్చాడు. అప్పటికి నాలుగు ఆసుపత్రులు తిరిగాడట. చేతిసంచి నిండా కాగితాలు. పెద్ద డాక్టరు గారు కడుపు నొక్కి చూసి, కాగితాలు విప్పకుండానే భుజం మీద చెయ్యేసి, "ఏం లేదప్పా నీకు. పో, పోయి శెనక్కాయలు ఏసుకో" అన్నారు. ఆ మనిషి వంగిపోయి వచ్చినవాడు నిటారుగా నడిచి వెళ్లాడు. నేను నోరు తెరుచుకుని చూశాను.

"ధైర్యం సగం మందమ్మా. దానికి చీటీ కూడా అక్కర్లేదు" అన్నారాయన.

ఆ మాట నాకు బాగా ఒంటబట్టింది. ఏడాది తిరిగేసరికి నేను కూడా రోజుకు నలభైసార్లు "ఏం లేదమ్మా" అనడం మొదలుపెట్టాను. రోగులు సంతోషంగా వెళ్లేవాళ్లు. బయట క్యూ తొందరగా కదిలేది. ఆ మాట నేను వాళ్ల కోసం అంటున్నానో, క్యూ కోసం అంటున్నానో ఎప్పుడూ ఆలోచించలేదు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. మా వైపు ఆడమనిషి ఆసుపత్రికి ఒంటరిగా రాదు. తోడు ఒకరుంటారు. అత్తో, ఆడబిడ్డో, అక్కో. నొప్పి ఈమెది, నోరు ఆమెది. "యాడమ్మా నొప్పి?" అని నేను అడిగితే ఈమె తల వంచుకుంటుంది, తోడొచ్చిన ఆమె జవాబు చెబుతుంది. నాకూ అదే సుఖంగా ఉండేది. తోడొచ్చిన మనిషి గబగబా చెబుతుంది, సిగ్గుపడదు, ఏడవదు. చీటీ మీద నేను రాసినదంతా చాలాసార్లు నొప్పి లేని మనిషి చెప్పిన కథే.

చీరలు కట్టి చూపించే ప్రభావతి

ప్రభావతిది పుంగనూరు. భర్త మునిరత్నానికి బజారులో చీరల అంగడి ఉంది. గల్లాపెట్టె దగ్గర ఆయన కూర్చున్నా చీరలు అమ్మేది ఆమే. చీర మడత విప్పి పరుపు మీద పరిచి ఊరుకునేది కాదు. లేచి నిలబడి, చెంగు తన ఎడమ భుజం మీద వేసుకుని, కుచ్చిళ్లు చేత్తో పట్టి, "సూడక్కా, కట్టుకుంటే ఇట్లుంటాది" అనేది. పెళ్లి చీరలకి బి.కొత్తకోట నుంచి, కలికిరి నుంచి కూడా ఆ అంగడికి వచ్చేవాళ్లంటే అందుకే. నేనూ రెండు చీరలు అలా మోసపోయి కొన్నాను. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే తెలిసింది, బాగున్నది చీర కాదు, ప్రభావతి అని.

తొంభైల నడుమ ఆమెకు ఎడమ రొమ్ములో గడ్డ వచ్చింది. క్యాన్సర్ అని తేలింది. బెంగుళూరులో రొమ్ము తీసేసి, ఇంజెక్షన్లు ఇచ్చి, కరెంటు, అంటే రేడియేషన్, పెట్టారు. మనిషి బతికింది. ఏడాది తర్వాత అక్కడి సర్జన్, చర్మం కింద సిలికాన్ సంచి పెడితే రొమ్ము ఉన్నట్టే ఉంటుందని, జాకెట్టు బాగా కూర్చుంటుందని చెప్పాడు. ప్రభావతి ఒప్పుకుంది. చెంగు వేసుకుని నిలబడటమే ఆమె పని మరి. ఇంట్లో ఒక్కరికి మాత్రం అది నచ్చలేదు. మునిరత్నం అక్క కామాక్షమ్మ. చిన్నప్పుడే భర్త పోయి తమ్ముడి ఇంట్లోనే ఉంటోంది. ఇల్లంతా ఆమె చేతి మీదే నడుస్తుంది. "పానం మిగిలింది, సాలదా? ఈ సోకు యాల?" అని అప్పుడే అన్నదట.

ఐదేళ్లు గడిచేసరికి ఆ సంచి చుట్టూ గట్టిపడిపోయింది. బయటి వస్తువు ఏది లోపల పెట్టినా ఒళ్లు దాని చుట్టూ ఒక పొర కడుతుంది. కొందరిలో, ముఖ్యంగా కరెంటు పెట్టిన చోట, ఆ పొర బిగిసి బిగిసి రాయిలా తయారవుతుంది. బెంగుళూరు సర్జన్ ఊరొదిలి వెళ్లిపోయాడు. వాళ్లు నా దగ్గరికి వచ్చారు. సంచి తీసెయ్యమన్నారు.

అలాంటి ఆపరేషన్ నేను అంతకుముందు చేయలేదు. పెద్ద డాక్టరు గారు పక్కనే నిలబడ్డారు. కోసి చూస్తే సంచి లోపలే చిట్లి ఉంది. అందులోని జిగురు గ్లవ్స్‌కు అంటుకుని సబ్బుతో కడిగినా పోలేదు. సంచి వచ్చేసింది. పొర మాత్రం పక్కటెముకలకు అతుక్కుపోయి ఉంది.

"గీకితే ఊపిరితిత్తికి చిల్లు పడుతుంది. వదిలెయ్" అన్నారు పెద్ద డాక్టరు గారు.

వదిలేశాను. ఆ నిర్ణయం తప్పని ఇప్పటికీ అనను. మా దగ్గరున్న సామానుతో, నాకున్న అనుభవంతో అది సరైన పనే. తప్పు మరుసటి రోజు వార్డులో జరిగింది.

"అంతా తీసేస్తిరా డాక్టరమ్మా?" అని ప్రభావతి అడిగింది. మంచం ఒకవైపు మునిరత్నం, ఇంకోవైపు కామాక్షమ్మ ఉన్నారు.

"అంతా తీసేశాం. ఇంక ఏం లేదమ్మా నీకు. హాయిగా అంగడికి పో" అన్నాను.

డిశ్చార్జి చీటీలో 'సంచి తీసివేయడమైనది' అని రాశాను. పొర సంగతి రాయలేదు. జిగురు కారిన సంగతి రాయలేదు. భయపడుతుందని చెప్పలేదు, చెప్పలేదు కాబట్టి రాయలేదు.

నా మాట పుంగనూరు చేరింది

మూడో నెలలో ప్రభావతి వచ్చి బెంచీ మీద కూర్చుంది. పొద్దున లేస్తే వేళ్లు ముడుచుకోవు. చెయ్యి భుజం దాటి పైకి లేవదు. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడుతుంది. మచ్చ లోపల మంట. గంటసేపు నిలబడితే నీరసం. ఇదంతా చెప్పింది కామాక్షమ్మే. అయితే ఆమె చెప్పిన తీరు వేరు.

"మీరే సెప్తిరి గదమ్మా ఏం లేదని. ఈమె సూస్తే దినానికొకటి సెప్తాది. ఒగ దినం సెయ్యంటాది, ఒగ దినం ఏళ్లంటాది. అంగట్లో కూర్సోబెడితే గంటకే పండుకుంటాది. నా తమ్ముడు ఒక్కడే సస్తాండాడు ఆడ."

రక్త పరీక్షలు చేయించాను. ఎక్స్‌రే తీయించాను. చెప్పుకోదగ్గది ఏమీ కనిపించలేదు. "ఏం లేదమ్మా" అని బి కాంప్లెక్స్ రాశాను. మళ్లీ వచ్చారు. మళ్లీ అదే మాట. కొన్నాళ్లకు బుధవారం పేర్ల జాబితాలో ఆమె పేరు కనిపిస్తే నాకు చిరాకు పుట్టేది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ మీకూ అలాంటి పేరు ఒకటి ఎదురవుతుంది. నయం కాని రోగి మీద డాక్టరుకు కోపం వస్తుంది. అప్పుడు గుర్తుపట్టండి, చూడాల్సింది ఏదో మీరు చూడలేదని.

ఒకసారి నరాల నొప్పికి పనికొస్తుందని ఒక చిన్న మాత్ర రాశాను. వారం తిరక్కుండా కామాక్షమ్మ ఆ మాత్రల అట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"మెడికల్ షాపాయప్ప సెప్పినాడమ్మా. ఇది మతి సరిగా లేనోళ్లకి ఇచ్చే మాత్రంట. ముందే సెప్పింటే మేమూ అర్థం చేసుకుందుము కదా."

ఆ మాత్ర మనసు బాగాలేనివాళ్లకూ ఇస్తారు, తెగిన నరం మంటకూ ఇస్తారు. ఆ ఒక్క ముక్క విడమరిచి చెప్పాల్సింది. బయట ముప్పై మంది కాచుకుని ఉన్నారు. "మనసు కూడా కొంచెం కుదుటపడాలి లెండి" అనేశాను. ప్రభావతి తలెత్తి నన్ను ఒక్కసారి చూసింది. ఆ తర్వాత ఇంట్లో ఆమె చెయ్యి నొప్పి అన్న ప్రతిసారీ, "డాక్టరమ్మే సెప్పె, ఏం లేదు, అంతా మనసేనని" అన్నారట. ధైర్యం కోసం నేనన్న మాట ఆమె నోరు మూయించడానికి పనికొచ్చింది. అంగడికి రావడం మానేసింది. మునిరత్నం జీతానికి ఇంకొక అమ్మాయిని పెట్టుకున్నాడు.

ఉప్పు మూట

మదనపల్లె చలి గురించి చెప్పక్కర్లేదు. పుంగనూరులోనూ తక్కువేం కాదు. ఆపరేషన్ అయిన నాలుగో ఏడు చలికాలంలో ఆమెకు నొప్పి ఎక్కువైంది. మంట ఎముకల దాకా దిగుతోందట. చెప్పడానికి నా దగ్గర కొత్తగా ఏమీ లేదు. మా అవ్వ అందరికీ చెప్పేది ఒకటుంది, అదే చెప్పాను.

"రాళ్లుప్పు పెనం మీద వేయించి, గుడ్డలో మూటగట్టి కాపడం పెట్టండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి."

కామాక్షమ్మ ముఖం వికసించింది. అన్నాళ్లకు ఆమెకు అర్థమయ్యే వైద్యం చెప్పాను. ఆడబిడ్డ పోరు అంటుంటారు గానీ, కామాక్షమ్మ చెడ్డ మనిషి కాదు. చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి. నేను పైకి అనేది ఇంట్లో అక్షరాలా అమలుచేసేది.

పది రోజుల తర్వాత వాళ్లు వచ్చారు. ఈసారి కామాక్షమ్మ ముందు నడుస్తోంది. ముఖం కోపంతో ఎర్రగా ఉంది. వెనక ప్రభావతి చీర చెంగు ఒంటికి తగలకుండా చేత్తో ఎత్తి పట్టుకుని వచ్చింది.

జాకెట్టు విప్పి చూశాను. మచ్చ కింద అరచేయంత మేర బొబ్బలు చిట్లిపోయి ఉన్నాయి. నడుమ చర్మం తెల్లగా చచ్చిపోయింది.

"సూడండమ్మా ఈమె నిర్వాకం!" అంది కామాక్షమ్మ. "మూట పెట్టేటప్పుడు అడిగితినే! కాల్తాందా అంటే లేదనె. ఇంకొంచెం వేడి సేద్దామా అంటే ఊ అనె. అన్నన్ని తూర్లు అడిగితిని. కావాలనే కాల్చుకునింది. మేం నమ్మలేదని, నమ్మించేదానికి!"

ప్రభావతి గోడకేసి చూస్తూ, "నాకు తెలీలేదు వదినా" అంది. ఎన్నిసార్లు చెప్పిందో మరి, గొంతులో పస లేదు.

తెలీలేదు అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. అంత కాలితే తెలియకపోవడం ఏమిటి? అప్పుడు తట్టింది. నాలుగేళ్లలో ఆ చోట చర్మానికి స్పర్శ ఉందా లేదా అని నేను ఒక్కసారి కూడా చూడలేదు. రెండో ఏడు మెడికల్ విద్యార్థి చేసే పరీక్ష అది. ఒక దూది పోగు చాలు.

"కళ్లు మూసుకో ప్రభావతీ. నేను ముట్టుకున్నప్పుడల్లా ఊ అను."

మెడ కింద దూది తాకించాను. "ఊ" అంది. ఇంకొంచెం కింద. "ఊ." మచ్చ దగ్గరికి వచ్చాను. మాట లేదు. మచ్చ దాటి కాలని చోట తాకించాను. మాట లేదు. దూది పడేసి గుండుసూది తీసుకున్నాను. మెల్లగా గుచ్చాను, తర్వాత కొంచెం గట్టిగా. ప్రభావతి కళ్లు మూసుకుని నిమ్మళంగా కూర్చుని ఉంది.

కామాక్షమ్మ ఉండబట్టలేకపోయింది. "పబావతీ, పొడుస్తాండారే!"

"యాడ వదినా?" అంది ప్రభావతి.

కామాక్షమ్మ వెనక్కి తడుముకుని స్టూలు మీద కూలబడింది.

నిజానికి ఇందులో వింతేమీ లేదు. రొమ్ము తీసినప్పుడు చర్మానికి వెళ్లే నరాలు తెగుతాయి. పైన తాకినా, కాల్చినా తెలియదు. తెగిన కొసలు లోపల మండుతూనే ఉంటాయి. పైన మొద్దు, లోన మంట. రెండూ ఒకే మనిషికి ఉండొచ్చని చదువుకున్నదాన్నే. చదువుకుని, అలాంటి చోట కాగిన ఉప్పు పెట్టమన్నాను.

"కామాక్షమ్మా, ఆమె కావాలని చేయలేదు. ఆ చోట ఆమెకు స్పర్శ లేదు. కాపడం పెట్టమనడం నా తప్పు" అన్నాను.

"పెట్టింది నా సెయ్యి గదమ్మా" అని ఆమె ముఖానికి చెంగు అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది.

అలా నాలుగేళ్లలో మొదటిసారి ఆ గదిలో నేనూ ప్రభావతీ ఇద్దరమే మిగిలాం. పుండు శుభ్రం చేస్తూ ఉంటే ఆమె తనంతట తానే ఎడమ చెయ్యి ఎత్తగలిగినంత ఎత్తి, నా వేళ్లు పట్టుకుని చంకలో పెట్టింది. చింతగింజంత గడ్డ తగిలింది.

"ఎన్నాళ్లయింది?"

"రొండేండ్లు."

"యాల చెప్పలేదు?"

"మీరు ఏం లేదంటిరి గదా డాక్టరమ్మా. ఉండాదంటే కేన్సరే మళ్లా వచ్చిందంటారు. లేదంటే నాకు పిచ్చంటారు. ఏదైనా గానీ నేనింక అంగడికి పోయేది లేదు. అందుకే గమ్మునుంటి."

రెండేళ్లు ఆ గడ్డను తడుముకుంటూ, అది చావేమో అనుకుంటూ, వచ్చిన ప్రతిసారీ నా ముందు కూర్చుని, నేను రాసిచ్చిన బి కాంప్లెక్స్ తీసుకుని వెళ్లింది. వృత్తిలో నాకు తగిలిన దెబ్బలన్నిటిలో అంత గట్టి దెబ్బ ఇంకోటి లేదు.

నోటితో అనొద్దన్న మాట

పుండు మానాక ఆమెను మద్రాసులో నాతో చదువుకున్న ఒక ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి పంపాను. ఈసారి ఉత్తరంలో ఏదీ దాచలేదు. చిట్లిన సంచి, కారిన జిగురు, నేను వదిలేసిన పొర, నేను కాల్పించిన చర్మం, అన్నీ రాశాను. ఆయన ఆ గట్టిపడిన పొరను, చంకలో గడ్డను తీసి పరీక్షకు పంపాడు. రిపోర్టు వచ్చింది. క్యాన్సర్ కాదు. సంచిలోని జిగురు పాకి చంకలోని గ్రంథిలో చేరి గడ్డకట్టింది.

నేను పుంగనూరు వెళ్లి వాళ్ల ఇంట్లో అందరికీ జరిగింది చెప్పొస్తానన్నాను. పెద్ద డాక్టరు గారికి నచ్చలేదు.

"నయం చెయ్యమ్మా, కాదనను. తప్పయిందని నోటితో మాత్రం అనొద్దు. పుంగనూరులో అన్న మాట పొద్దు వాలకముందే మదనపల్లె చేరుతుంది. రేపు నీ చేతికి ఒళ్లెవరు అప్పగిస్తారు?"

ఆయన నాకు కత్తి పట్టడం నేర్పిన మనిషి. ఆయన భయం అబద్ధం కాదు కూడా. కానీ 'ఏం లేదు' అన్న మాట నాది. ఆ ఇంట్లో నాలుగేళ్లు కాపురం ఉన్నది ఆ మాటే. దాన్ని నేను వెళ్లి తీయకపోతే ఇంకెవరూ తీయలేరు. జీవితంలో ఆయన మాట కాదన్నది ఆ ఒక్కసారే.

ఒక బుధవారం క్లినిక్ అయ్యాక వాళ్లింటికి వెళ్లాను. మునిరత్నం అంగడి నుంచి వచ్చాడు. కామాక్షమ్మ కాఫీ తెచ్చి నిలబడింది. ప్రభావతి చాప మీద కూర్చుని ఉంది. నేను చెప్పాల్సింది చెప్పాను. ఆ రోజు అంతా తీసేశానని చెప్పింది నిజం కాదన్నాను. ఏం లేదన్నది నాకు తెలియక అన్న మాట అన్నాను. ఆమెకు నొప్పి ఉంది, మొదటి నుంచీ ఉంది, మాత్ర ఇచ్చింది తెగిన నరానికి అని చెప్పాను.

మునిరత్నం చాలాసేపు కాఫీ గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. "నేనూ ఏదో వంకనుకుంటిని డాక్టరమ్మా" అన్నాడు చివరికి. భార్య వైపు చూడలేకపోయాడు.

ప్రభావతి నన్ను అడిగింది. "ఇప్పుడన్నా పోతాదా నొప్పి?"

పాత అలవాటు నాలుక చివరికి వచ్చింది. మింగేశాను.

"కొంత పోతుంది. కొంత పోదు. ఏది పోతుందో, ఏది ఉంటుందో నాకు తెలీదు."

ఏడుస్తుందనుకున్నాను. ఆమె గట్టిగా ఊపిరి వదిలి గోడకు జారగిలబడింది. "ఆ మాట రాసియ్యండి డాక్టరమ్మా" అంది. "నోటి మాట ఈడ నిలబడదు."

నా చీటీల పుస్తకం తీసి తెలుగులో రాశాను: 'ప్రభావతమ్మకు ఎడమ వైపు ఎదలో, చేతిలో, కీళ్లలో నొప్పి ఉన్నది. ఇది నిజమైన నొప్పి. బరువులు ఎత్తరాదు. ఎదకు వేడి తగలరాదు. నీరసం వచ్చినప్పుడు పడుకోవలెను.' కింద సంతకం పెట్టాను. పాతికేళ్లలో నేను రాసిన చీటీల్లో మందు పేరు లేనిది అదొక్కటే.

పెద్ద డాక్టరు గారు చెప్పినట్టే ఆ మాట మదనపల్లె చేరింది. కొందరు వేరే డాక్టరు దగ్గరికి వెళ్లారు. కొందరు కొత్తగా వచ్చారు, 'ఉండేది ఉన్నట్టు చెప్తాదంట' అని.

కుప్పంలో

ఆ తర్వాత నేను పెద్దగా మారిపోయానని చెప్పను. ముప్పై మంది బయట కాచుకుని ఉంటే రిటైరయ్యేదాకా నాకు చిరాకే. రెండు పనులు మాత్రం మానలేదు. మచ్చ ఎక్కడున్నా దూదితో తాకి చూడకుండా కాపడం మాట ఎత్తలేదు. తోడొచ్చిన మనిషిని ఏదో ఒక వంకతో కాసేపు బయటికి పంపకుండా చీటీ రాయలేదు.

ఈ రెండో పని కుప్పంలో కష్టం. అక్కడికి అరవం మాట్లాడేవాళ్లు, కన్నడం మాట్లాడేవాళ్లు, తెలుగుతో మూడూ కలిపి మాట్లాడేవాళ్లు వచ్చేవాళ్లు. తోడొచ్చిన మనిషి లేకపోతే నాకు సగం అర్థమయ్యేది కాదు. ఒకసారి రొమ్ము ఆపరేషన్ అయిన ఒక చిన్న వయసు అమ్మాయిని ఆమె అత్త తీసుకొచ్చింది. అత్తను ఎక్స్‌రే గది దగ్గర టోకెన్ తెమ్మని పంపి, నాకొచ్చిన నాలుగు అరవ ముక్కలతో ఎక్కడ నొప్పి అని అడిగాను. నా అరవానికి ఆ పిల్ల ముందు నవ్వింది. తర్వాత ఏడ్చింది. తర్వాత చెప్పింది. నాకు మాటలు సగమే అర్థమయ్యాయి. కానీ ఆమె వేలు పెట్టి చూపించిన చోటు, అత్త చెప్పిన చోటు ఒకటి కాదు.

ప్రభావతి సంగతి మీరు అడుగుతారు. సాయంత్రం జ్వరం ఆగిపోయింది. గోడ మీద వేళ్లు పాకించే కసరత్తు చేసి చేసి చెయ్యి చెవిదాకా లేచింది. మంట తగ్గింది, పోలేదు. వేళ్ల కీళ్లు మాత్రం పొద్దున అట్లాగే బిగుసుకుంటాయి. సిలికాన్‌కూ కీళ్ల నొప్పులకూ సంబంధం ఉందా లేదా అని పెద్ద పెద్ద డాక్టర్లు వాదించుకుంటూనే ఉన్నారు. ఎవరి మాట నిజమో నాకు తెలియదు. ఆమె వేళ్లు ముడుచుకోవన్నది మాత్రం నిజం.

చీర

రిటైరయ్యే వారం చివరి బుధవారం పుంగనూరు క్లినిక్ ముగించుకుని, ఆసుపత్రిలో సన్మానానికి చీర కొనుక్కుందామని మునిరత్నం అంగడికి వెళ్లాను. ప్రభావతి పరుపు మీద కాదు, ఎత్తు కుర్చీలో కూర్చుని ఉంది. రోజుకు రెండు గంటలు వస్తోందట. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. ఆమె వెనక గోడకు, లక్ష్మీదేవి పటం పక్కన, అద్దం బిగించిన ఒక కాగితం వేలాడుతోంది. దగ్గరికి వెళ్లి చూస్తే నా రాతే.

"ఎట్లా ఉందిప్పుడు?" అన్నాను.

"ఉండాది డాక్టరమ్మా" అంది ఆమె మామూలుగా.

పై అరలో ఒక నీలం చీర చూపించాను. ప్రభావతి చెయ్యి అటు వెళ్లేలోపే కామాక్షమ్మ లోపలి గదిలోంచి వచ్చి స్టూలు లాక్కుంది. ఆమెకు అప్పటికి అరవై దాటాయి.

"నువ్వు కూర్సో. పైది నేను తీస్తా" అని స్టూలెక్కి చీర దించింది. కిందికి దిగి మడత విప్పి చెంగు ప్రభావతి చేతికిచ్చింది. ప్రభావతి దాన్ని అలవాటుగా తన ఎడమ భుజం దాకా తెచ్చి, ఆగి, నా వైపు చూసి నవ్వింది.

"నా బుజం ఒప్పుకోదు. మీ బుజం ఇట్లియ్యండి" అంది.

నేను దగ్గరికి జరిగి వంగాను. ఆమె బిగుసుకున్న వేళ్లతో మెల్లగా, మడతలు సరిచేసుకుంటూ, చెంగు నా ఎడమ భుజం మీద వేసింది.